ఎండకు ఆగిపోయే అంబాసిడర్, పద్మిని: ఇంటి షెడ్డులోనే లోపం పట్టుకునే పద్ధతి

పొద్దున ఆరింటికి ఒక్క సెల్ఫుకే స్టార్టవుతుంది. పదకొండు గంటలకు లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. అరగంట నీడలో నిలబెడితే ఏమీ జరగనట్టు మళ్ళీ కదులుతుంది. తిరుపతిలోనూ చిత్తూరులోనూ పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని ఉన్న ఇళ్ళలో మే నెల వచ్చిందంటే ఇదే బాధ. "పాత బండి కదా, దాని మూడ్ దానిది" అని సరిపెట్టుకుంటారు. వేడెక్కితే పైకొచ్చి, చల్లారితే దాక్కునే లోపం ఒకటి దానిలో ఉంది. బండి ఆగిన ఆ ఐదు నిమిషాల్లో తప్ప అది దొరకదు. చల్లారాక మెకానిక్ దగ్గరికి తోసుకెళ్తే అక్కడ బాగానే నడుస్తుంది. ఆయన అంచనా మీద కాయిల్ మారుస్తాడు, ప్లగ్గులు మారుస్తాడు. మర్నాడు అదే చోట మళ్ళీ ఆగుతుంది.

కాబట్టి చేయాల్సిన పని ఒక్కటే. బండి మన షెడ్డులో, మన పనిముట్ల పక్కనే ఆగేలా చేయాలి. అప్పుడు పరీక్షించాలి. పరీక్ష తేలేదాకా ఒక్క పార్టు కూడా కొనకండి.

ఇక్కడ ఇచ్చే కొలతలు 1489 సీసీ పెట్రోల్ ఇంజను అంబాసిడర్‌కు, 1089 సీసీ పద్మినికి. డీజిల్ అంబాసిడర్‌కు, ఇసుజు ఇంజనున్న 1800 ఐఎస్‌జెడ్ మోడల్‌కు ఇవి పనికిరావు.

షెడ్డులో ముందు చూసుకోవాల్సినవి

వేడి ఇంజను, పెట్రోలు, స్పార్కు మూడూ ఒకేచోట ఉండే పని ఇది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పాకుతుంది. గడప దగ్గర సాయంత్రం దీపం, తులసికోట దగ్గర అగరుబత్తి, గోడకు గ్యాస్ గీజరు ఉంటే పని పూర్తయ్యేదాకా అవి వెలగకూడదని ఇంట్లో ముందే చెప్పి పెట్టండి. రెండు కిలోల డ్రై పౌడర్ సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి. పెట్రోలు మంట మీద నీళ్ళు పోయకూడదు. బండి కిందికి దూరాల్సి వస్తే జాకీ స్టాండ్లు వాడండి. ఇటుకలు, హాలో బ్లాకులు బరువుకు చెప్పకుండా పగులుతాయి.

అంబాసిడర్ ఇంజనుకు ఎక్కువగా అంగుళాల స్పానర్లు పడతాయి: 7/16, 1/2, 9/16. పద్మినికి మిల్లీమీటర్లవి: 8, 10, 13, 17. దగ్గరగా ఉంది కదా అని ఒకదాని స్పానర్ ఇంకోదానికి పెడితే నట్టు మూలలు అరిగిపోతాయి. వీటితోపాటు ఫీలర్ గేజ్, మల్టీమీటర్, 12 వోల్టుల టెస్ట్ ల్యాంపు, గ్యాప్ సరిచేసిన ఒక మంచి ప్లగ్గు, పక్కన సెల్ఫ్ కొట్టడానికి ఒక మనిషి కావాలి. బాగా పాత అంబాసిడర్లలో కొన్నిటికి ప్లస్ ఎర్త్ ఉంటుంది. బ్యాటరీలో ఏ కొస బాడీకి తగిలించి ఉందో చూసుకోకుండా ఏదీ కనెక్ట్ చేయకండి.

ఇంట్లోనే ఆగేలా చేయడం

మధ్యాహ్నం పన్నెండు దాటాక శ్రీనివాసమంగాపురం దాకా వెళ్ళి రండి. రానూపోనూ పాతిక కిలోమీటర్లు. షెడ్డుకు తెచ్చి, బానెట్ దించి, పది నిమిషాలు స్లోలో తిరగనివ్వండి. ఆగకపోతే తాళం తీసేసి, బానెట్ ఎత్తకుండా ఇంకో పది నిమిషాలు ఆగి స్టార్ట్ చేయండి. ఈ రెండో పది నిమిషాలే అసలైనవి. ఇంజను ఆపగానే ఫ్యాన్ ఆగుతుంది, నీళ్ళు తిరగడం ఆగుతుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డులో నిలిచిన వేడి నేరుగా పైకి లేస్తుంది. అంబాసిడర్‌లో ఇన్లెట్, ఎగ్జాస్ట్ రెండూ ఇంజనుకు ఒకే పక్క ఉంటాయి. ఆ వేడి నెత్తినే కార్బరేటర్ కూర్చుని ఉంటుంది. అందుకే నడుస్తున్నప్పటికన్నా ఆపిన పది నిమిషాలకే బానెట్ కింద వేడి ఎక్కువ.

ఎలా ఆగిందో గమనించండి. స్విచ్చి ఆపినట్టు టక్కున ఆగితే ముందు కరెంటు వైపు అనుమానించాలి. ఎగిరెగిరి పడుతూ, యాక్సిలరేటర్ తొక్కినా లాగకుండా నీరసించి ఆగితే పెట్రోలు వైపు. ఆపాక మళ్ళీ స్టార్టు కాకుండా, ఘాటుగా పెట్రోలు వాసన కొడితే ఓవర్‌ఫ్లో, అంటే కార్బరేటర్‌లో పెట్రోలు పొంగుతున్నట్టు.

ముందు స్పార్కు, తర్వాతే పెట్రోలు

ఈ వరుస మార్చకండి. పెట్రోలు పైపు ముందు విప్పితే ఆవిరి అక్కడంతా పరుచుకుంటుంది, ఆ తర్వాత స్పార్కు కొట్టించడం ప్రమాదం.

ఒక ప్లగ్గు తీగ లాగి, మీ దగ్గరున్న మంచి ప్లగ్గుకు తొడిగి, దాని లోహపు ఒంటిని కార్బరేటర్‌కు దూరంగా ఇంజను మీద ఆనించండి. గ్యాప్ 0.6 మి.మీ. ఉండాలి. పక్కమనిషి ఐదు సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. చిటపటలాడుతూ నీలంగా దూకితే కరెంటు బాగున్నట్టే. పల్చగా, పసుపుగా, ఉండీ ఉండక వస్తే మూడిట్లో ఒకటి: బ్యాటరీ కరెంటును స్పార్కుకు సరిపడా పెంచే కాయిల్, ఆ కరెంటును కలుపుతూ విడదీసే పాయింట్లు, పాయింట్లు కాలకుండా చూసే కండెన్సర్. అసలు రాకపోతే కాయిల్ నుంచి డెల్కో (స్పార్కును ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్) మూతకు వచ్చే మధ్య తీగతో ఇదే పరీక్ష చేయండి. అక్కడ స్పార్కు ఉండి ప్లగ్గు దగ్గర లేకపోతే తప్పు మూతదో, దాని లోపల తిరిగే రోటర్‌దో.

స్పార్కు బాగుంటే ఎయిర్ క్లీనర్ తీసి కార్బరేటర్ గొంతులోకి చూడండి. సోలెక్స్ రకం కార్బరేటర్ అయితే చేత్తో థ్రాటిల్ ఒక్కసారి లాగండి. సన్నటి ధారగా పెట్రోలు చిమ్మాలి. చిమ్మకపోతే కార్బరేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె ఎండిపోయినట్టు. చిమ్మి, గొంతు లోపల కూడా తడితడిగా ఉంటే ఎక్కువైనట్టు. కొన్ని పాత అంబాసిడర్లకున్న ఎస్‌యూ కార్బరేటర్‌లో ఈ చిమ్మే పంపు ఉండదు. దానికి ఫ్లోట్ గిన్నె మూత తీసి చూడాల్సిందే, అదీ ఎగ్జాస్ట్ చెయ్యి ఆనేంత చల్లారాకే.

గిన్నె ఎండిపోయి ఉంటే

ముందు పెట్రోల్ ట్యాంకు మూత తీయండి. "సుస్స్" మని గాలి లోపలికి పీల్చుకుని, ఆ తర్వాత బండి స్టార్టయితే ట్యాంకు గాలి రంధ్రం మూసుకుపోయింది. పెట్రోలు తగ్గేకొద్దీ లోపల ఖాళీ ఏర్పడి పంపుకు లాగడం చేతకాదు. మూత కడిగి రంధ్రం తెరిస్తే పని అయిపోయింది. ఇంత చిన్న సంగతికి పంపులు మార్చేసినవాళ్ళు ఎందరో ఉన్నారు.

అది కాకపోతే తడిగుడ్డ. లారీ, ట్యాక్సీ డ్రైవర్లు తరాలుగా వాడుతున్న ఉపాయం ఇది, మంచి పరీక్ష కూడా. పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ కప్పి రెండు నిమిషాలు ఆగండి. స్టార్టయితే వేపర్ లాకే. పంపులో, పైపులో పెట్రోలు ఆవిరై బుడగలు కట్టింది. పంపు నొక్కినప్పుడల్లా ఆ బుడగ కుంచించుకుని మళ్ళీ విచ్చుకుంటుందే తప్ప పెట్రోలు ముందుకు కదలదు. గుడ్డ నీళ్ళు ఎగ్జాస్ట్ మానిఫోల్డు మీద మాత్రం పడనీయకండి. ఎర్రగా కాలిన పోత ఇనుము పగులుతుంది.

ఈ బండ్లు తయారైన కాలంలో లేని బాధ ఇంకొకటి వచ్చి చేరింది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు హోసులు దానికి తట్టుకోవు. పైకి బాగానే కనిపిస్తాయి, లోపలి పొర మాత్రం ఉబ్బి పొట్టులా ఊడుతుంది. ఆ పొట్టు పెట్రోలు వేగంగా లాగినప్పుడు అడ్డంపడి, ఆపితే పక్కకు వాలుతుంది. చూడ్డానికి అచ్చం వేపర్ లాకే అనిపిస్తుంది. విప్పిన హోసును నిలువుగా బ్లేడుతో చీల్చి చూస్తే తెలిసిపోతుంది. కొత్తది కొనేటప్పుడు హోసు ఒంటి మీద ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని అచ్చు ఉండాలి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ట్యాంకులో ఏళ్ళుగా పేరుకున్న జిగురును, తుప్పును కదిలిస్తుంది. కాబట్టి ఫిల్టరు మొదటి రెండు మూడు ట్యాంకుల్లోనే నిండిపోవచ్చు. నెలల తరబడి కదలని బండిలో ట్యాంకు నిండా పెట్రోలు నిలవ ఉంచకండి.

వేపర్ లాక్ తేలితే చేయాల్సినవి మూడు. పెట్రోలు పైపు ఎగ్జాస్ట్‌కు నాలుగు వేళ్ళ దూరంలో పోయేలా దారి మార్చి, బాడీకి క్లిప్పులతో బిగించండి. కార్బరేటర్‌కూ మానిఫోల్డుకూ మధ్య వేడిని ఆపే బేకలైట్ దిమ్మ ఉందో లేదో చూడండి. పాత రిపేర్లలో దాన్ని పారేసి ఒట్టి గాస్కెట్ పెట్టేసిన బండ్లు చాలా ఉన్నాయి, అది ఉండి తీరాలి. కార్బరేటర్ కింద ఒక మి.మీ. మందం అల్యూమినియం రేకు వంచి అడ్డుగా బిగించండి. చాలామంది ఎలక్ట్రిక్ పంపు పెట్టేస్తారు. ఒత్తిడి ఎక్కువున్న పంపు పెడితే గిన్నె నిండగానే పెట్రోలు ఆపాల్సిన నీడిల్ వాల్వు ఆపలేక ఓవర్‌ఫ్లో మొదలవుతుంది. రెండు మూడు పీఎస్‌ఐ దాటని పంపు దొరికితేనే ఆ ఆలోచన చేయండి, అదీ పైన చెప్పిన మూడూ అయ్యాక.

గిన్నె పొంగుతుంటే

యాక్సిలరేటర్ మొత్తం తొక్కి పట్టుకుని, పదేపదే తొక్కి వదలకుండా, సెల్ఫ్ ఇస్తే చాలావరకు అందుకుంటుంది. రోజూ ఇదే తంతు అయితే కార్బరేటర్ విప్పాలి.

తెల్లటి పాత పంచె ముక్క పరిచి, విప్పిన వరుసలోనే పార్టులు పేర్చండి, ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఫ్లోటును చెవి దగ్గర ఊపండి. లోపల గలగలమంటే ఓటిది. ఇత్తడి ఫ్లోటయితే పొగలు కక్కే వేడినీళ్ళలో ముంచండి. చిల్లి ఎక్కడుందో అక్కడ నుంచి బుడగలు వరుసగా లేస్తాయి. నీడిల్ కొసను వెలుతురులో తిప్పి చూడండి, మొన చుట్టూ చేతి గాజులా గుండ్రటి గీత పడి ఉంటే అరిగింది. నీడిల్‌ను, దాని సీటును జతగానే మార్చాలి. జెట్టులను ఇనుప తీగతో పొడవకండి. ఇత్తడి మెత్తన, రంధ్రం ఇసుమంత పెద్దదైనా మిక్చర్ మారిపోతుంది. కార్బరేటర్ క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టండి, మొండిగా ఉంటే నైలాన్ చేపల తీగ వాడండి.

తిరిగి బిగించాక మిక్చర్ స్క్రూను మెల్లగా చివరిదాకా తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి వదలండి. ఇంజను బాగా వేడెక్కాక అక్కడినుంచి పావు చుట్టు పావు చుట్టుగా సరిచేయండి. నాలుగైదు రోజులు తిరిగాక ప్లగ్గులు విప్పి చూడండి. మారీ బిస్కెట్ రంగుంటే సరి. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు. ఇథనాల్ పెట్రోలుతో ఇది మామూలే. సోలెక్స్ జెట్టు మీది అంకె మిల్లీమీటరులో నూరో వంతుల లెక్క. 115 ఉంటే 120 వేసి మళ్ళీ ప్లగ్గు చూడండి, ఒకేసారి రెండు మెట్లు ఎక్కకండి.

కరెంటు వైపు తేలితే

టక్కున ఆగే బండ్లలో మొదటి అనుమానం కండెన్సర్ మీదే ఉండాలి. వేడికి లోపలి పొర లీకవుతుంది, చల్లారితే కూడుకుంటుంది. మల్టీమీటర్‌తో కొలిస్తే 0.18 నుంచి 0.25 మైక్రోఫారడ్ మధ్య రావాలి. అయితే మీటరు ఇచ్చేది కొద్ది వోల్టులే, డెల్కోలో దాని మీద పడేది వందల వోల్టులు. కాబట్టి మీటరులో పాసైనా నమ్మకండి. వేడిగా ఆగినప్పుడే ఇంకో మంచి కండెన్సర్‌ను బయటి నుంచి తగిలించి చూడడమే అసలు పరీక్ష. అట్ట పెట్టె విప్పని కొత్త కండెన్సర్లు కూడా మొదటి వారంలోనే పోతుంటాయి. తీసిన పాతది బాగుంటే పారేయకండి.

పాయింట్లను భూతద్దంతో చూడండి. ఒకదాని మీద చిన్న ముద్దలా లేచి, ఎదురుదాని మీద సరిగ్గా అంతే గుంట పడి ఉంటుంది. కండెన్సర్ విలువ సరిపడనప్పుడు లోహం ఒకవైపు నుంచి ఇంకోవైపు వలసపోయిన గుర్తు అది. అలాంటి పాయింట్ల మధ్య ఫీలర్ గేజ్ పెడితే ముద్ద మీద ఆగి తప్పు కొలత చూపిస్తుంది. మార్చేయడమే మేలు. గ్యాప్ అంబాసిడర్‌కు 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే 0.38 మి.మీ. పద్మినికి 0.42 నుంచి 0.48. కొత్త పాయింట్ల మీద ఉండే నూనె పొరను కాస్త పెట్రోలు తడిపిన తెల్ల కాగితంతో తుడవండి. క్యామ్ మీద అగ్గిపుల్ల తలంత గ్రీజు రాయండి. ఎక్కువైతే ఎగిరి పాయింట్ల మీద పడుతుంది, అసలు రాయకపోతే పాయింటు మడమ అరిగి గ్యాప్ మూసుకుపోతుంది. గ్యాప్ తగ్గితే టైమింగ్, అంటే స్పార్కు పడే సమయం, వెనకబడుతుంది. టైమింగ్ వెనకబడితే ఇంజను ఇంకా వేడెక్కుతుంది. ఎండ బాధ అనుకున్న దాంట్లో సగం ఈ గొలుసే. ఐదారు వందల కిలోమీటర్లకు గ్యాప్ మళ్ళీ చూడండి.

టైమింగ్ చూడ్డానికి టెస్ట్ ల్యాంపు చాలు. కాయిల్‌లో డెల్కో వైపు కొసకూ ఎర్త్‌కూ మధ్య పెట్టి, తాళం ఆన్ చేసి, ప్లగ్గులన్నీ విప్పి ఇంజనును చేత్తో మెల్లగా తిప్పండి. పాయింట్లు విడిపోయిన క్షణం దీపం వెలుగుతుంది. పుల్లీ మీది గుర్తు ఆ క్షణానికి ఎక్కడుందో చూసుకోండి. డెల్కో వదులు చేసేముందు దాని మొదట్లో పెయింటుతో గీత పెట్టుకోవడం మరవకండి. వాక్యూమ్ పైపును కార్బరేటర్ వైపు విప్పి నోటితో పీల్చి నాలుకతో మూయండి. లోపలి ప్లేటు కదిలి అలాగే నిలవాలి. నిలవకపోతే డయాఫ్రం చిరిగింది.

కాయిల్ ప్రైమరీ నిరోధం మామూలు రకానికి 3 ఓములు, బ్యాలస్ట్ (కాయిల్‌కు ముందు విడిగా పెట్టే నిరోధం) రకానికి ఒకటిన్నర. షాపులో ఏదుంటే అది బిగించడం వల్లే చాలా బండ్లు పాడవుతున్నాయి. బ్యాలస్ట్ లేని బండికి ఒకటిన్నర ఓముల కాయిల్ పెడితే చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, పాయింట్లనూ తినేస్తుంది. తాళం ఆన్‌లో ఉంచి పిల్లలు పాటలు వింటున్నా అంతే, పాయింట్లు మూసిన చోట ఇంజను ఆగి ఉంటే కాయిల్ ఊరికే కాగుతుంటుంది.

పాయింట్లు, కండెన్సర్, కార్బరేటర్ కిట్టు ఇక్కడ దొరక్కపోతే చెన్నై పుదుపేటలోనో బెంగళూరు జేసీ రోడ్డులోనో అడగండి. బండి పేరు చెప్పి అడిగితే పొరపాటు జరుగుతుంది. పాత పార్టు చేతపట్టుకుని వెళ్ళండి.

బోరు నీళ్ళు, రేడియేటర్

మన బోరు నీళ్ళు బిందెకు ఎలా తెల్లపొర కడతాయో రేడియేటర్ గొట్టాలకూ అలాగే కడతాయి. డిస్టిల్డ్ వాటర్, కూలెంటు కలిపి పోయండి. మనకు గడ్డకట్టే చలి లేదు గనుక కూలెంటు అక్కర్లేదనుకుంటారు. దానిలోని తుప్పు పట్టనివ్వని మందు కోసమే అది కావాలి.

వేడెక్కిన ఇంజను ఆపి, రేడియేటర్ ముఖం మీద అరచెయ్యి దగ్గరగా కదిలించండి. ఒకచోట కాలుతూ ఇంకోచోట చల్లగా పట్టీలా తగిలితే అక్కడ గొట్టాలు పూడిపోయాయి. అంబాసిడర్ బ్లాకు వెనక భాగంలో నీళ్ళు వదిలే చిన్న ట్యాపు ఉంటుంది. చల్లటి ఇంజనుకు దాన్ని తిప్పండి. చుక్క కూడా రాకపోతే తీగతో పొడవండి. ముందు ఎర్రమట్టి ముద్దలా కారుతుంది, తర్వాతే నీళ్ళు. ఆ మట్టి అంతా వెనకున్న నాలుగో సిలిండర్ చుట్టూ పేరుకుని ఉంటుంది. రేడియేటర్ ఎంత కడిగినా అది కదలదు. ట్యాపు విప్పేసి, తోట పైపుతో తేట నీళ్ళు వచ్చేదాకా కడగండి. ఫ్యాన్ బెల్టు మధ్యలో నొక్కితే అర అంగుళం దిగాలి. థర్మోస్టాట్‌ను వేడినీళ్ళలో వేలాడదీసి, దాని మీద అచ్చు వేసిన డిగ్రీల దగ్గర తెరుచుకుంటుందో లేదో చూడండి. దాన్ని తీసి పారేస్తే పూడిన రేడియేటర్ బాగుపడదు.

చప్పుడు వస్తోందని ట్యాపెట్లు (వాల్వుల దగ్గర వదిలే గ్యాప్) బిగించేయడం ఇంకో దురలవాటు. వేడికి వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోతుంది, ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. అంబాసిడర్‌కు చల్లటి ఇంజనులో ఆ గ్యాప్ 15 థౌ. రెండు వాల్వుల అంకెలు కలిపితే తొమ్మిది రావాలనే లెక్క గుర్తుంచుకోండి: ఒకటో వాల్వు పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు ఎనిమిదోది, మూడోది తెరిచి ఉన్నప్పుడు ఆరోది సరిచేయాలి.

ఘాట్ ఎక్కేముందు

సరిచేశాక మళ్ళీ అదే ఎండలో, అదే దారిలో, అదే పది నిమిషాల పరీక్ష. మూడు రోజులు వరుసగా పాసయితేనే ఘాట్ దారి ఎక్కండి. చిత్తూరు వాళ్ళకు పలమనేరు దారిలో మొగిలి ఘాట్ మంచి పరీక్షే.

దిగేటప్పుడు ఇదే ఆవిరి గోల బ్రేకుల్లో వస్తుంది. డాట్ 3 బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక 140కే మరుగుతుంది. పైపులో బుడగ కడితే పెడల్ నేలకు దిగిపోతుంది, బండి ఆగదు. రెండేళ్ళకోసారి ఆయిల్ మొత్తం మార్చండి. కిందికి వచ్చేటప్పుడు సెకండ్ గేరులోనే ఉండి, బ్రేకును నొక్కి పట్టకుండా నొక్కి వదులుతూ దిగండి.

డిక్కీలో పని చేస్తుందని తేలిన ఒక కండెన్సర్, ఒక జత పాయింట్లు, ఫ్యాన్ బెల్టు, మీటరు పొడవు ఆర్9 హోసు, నాలుగు క్లిప్పులు, ఐదు లీటర్ల మంచినీళ్ళు, ఒక పాత తువ్వాలు పెట్టుకోండి.